తొలి ఉద్యోగంలో తొలి ఆరు నెలలు



మా కార్యాలయానికి వచ్చే పిల్లలు చాలామంది లక్డీకాపూల్ మెట్రో స్టేషనులో దిగి నడిచి వస్తారు. లక్డీ కా పూల్ అంటే కర్ర వంతెన. ఆ కర్ర వంతెన ఇప్పుడు లేదు, పేరు మాత్రం మిగిలింది. ఇదే మార్గంలో ఖైరతాబాద్, ఇర్రం మంజిల్, పంజాగుట్ట దాటితే అమీర్‌పేట. అక్కడ మైత్రీవనం చుట్టుపక్కల ఎటు చూసినా కోచింగ్ బోర్డులే. జావా, టెస్టింగ్, టాలీ, స్పోకెన్ ఇంగ్లీష్, ఇలా ఉద్యోగం సంపాదించడానికి కావలసిన ప్రతి విద్యకూ ఒక కోర్సు, దానికొక ఫీజు ఉన్నాయి. సంపాదించిన ఉద్యోగంలో నిలదొక్కుకోవడానికి కావలసిన విద్యకు మాత్రం బోర్డు కనబడడం అరుదు. చదువుకూ పనికీ మధ్య ఉండవలసిన ఆ వంతెన గురించే ఈ పాఠం.

ఇది ముఖ్యంగా పద్దెనిమిది నుంచి ఇరవై అయిదేళ్ళ వయసు వారి కోసం రాస్తున్నాము. తల్లిదండ్రులు, దుకాణాలు, సంస్థలు నడిపే పెద్దలు కూడా చివరి వరకు చదవాలని మనవి. వారికి చెప్పవలసిన మాటలు చివర ఉన్నాయి.

మా పొరపాటుతో మొదలుపెడతాము

రెండేళ్ళ క్రితం మా సంస్థ సహాయంతో కంప్యూటర్ కోర్సు పూర్తి చేసిన ఒక అబ్బాయికి ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగం దొరికింది. ఇంట్లో మిఠాయి పంచారు. మా రిజిస్టరులో అతని పేరు పక్కన 'ఉద్యోగం వచ్చింది' అని రాసుకున్నాము. మా పని అయిపోయిందనుకున్నాము.

మూడవ నెలలో ఒకరోజు రద్దీలో అతను ఒకరి రిపోర్టును మరొకరి కవరులో పెట్టి ఇచ్చాడు. అది బయటపడగానే సూపర్‌వైజర్ క్యూలో ఉన్న జనం అందరి ముందూ కేకలేశాడు. "ఏరా, చదువుకున్నవాడివేనా?" అన్నాడు. అబ్బాయి మెడలోని ఐడీ కార్డు తీసి కౌంటర్ మీద పెట్టి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా బయటికి వచ్చేశాడు. ఆ నెల జీతం అక్కడే ఆగిపోయింది.

అసలు బాధాకరమైన సంగతి ఆ తరువాతది. అతను ఇంట్లో చెప్పలేదు. పదకొండు రోజులపాటు ప్రతి ఉదయం అమ్మీ కట్టిచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరి, పబ్లిక్ గార్డెన్స్‌లో కూర్చుని, సాయంత్రం ఇల్లు చేరాడు. జీతం రోజు వచ్చేసరికి విషయం తెలిసింది. తల్లి మా దగ్గరికి వచ్చి ఏడ్చింది. ఆ నెల మా సమావేశంలో మాలో ఒకరు, "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు" అన్నారు. అందరం తలలూపాము.

ఆ అబ్బాయితో కూర్చుని మాట్లాడిన తరువాతగానీ మా తప్పు మాకు అర్థం కాలేదు. ఎక్సెల్ నేర్పించాము. ఇంటర్వ్యూలో 'మీ గురించి చెప్పండి' అంటే ఏం చెప్పాలో నేర్పించాము. పదిమందిలో అవమానం జరిగితే చేతులు వణుకుతున్నప్పుడు ఏం చేయాలో నేర్పలేదు. తప్పు చేశాక ఎలా ఒప్పుకోవాలో, ఇంట్లో ఎలా చెప్పాలో నేర్పలేదు. నేర్పని పాఠంలో పరీక్ష పెట్టి, తప్పాడని ముద్ర వేశాము.

ఇవి పుట్టుకతో వచ్చే గుణాలు కావు

కొందరు పుట్టుకతోనే శాంతస్వభావులనీ, కొందరికి ముక్కు మీదే కోపమనీ మన ఇళ్ళలో అంటుంటాము. స్వభావంలో తేడాలు ఉన్న మాట నిజమే. అయితే భావాలను గుర్తించడం, అదుపులో పెట్టుకోవడం, ఎదుటివారితో మెలగడం అభ్యాసంతో పెరిగే నైపుణ్యాలని గత మూడు, నాలుగు దశాబ్దాలుగా మనస్తత్వ శాస్త్రం వివరంగా చెబుతోంది. 1990లో పీటర్ సలోవీ, జాన్ మేయర్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఈ సామర్థ్యానికి 'ఎమోషనల్ ఇంటెలిజెన్స్' అనే పేరుతో ఒక నిర్వచనం ఇచ్చారు. 1995లో డేనియల్ గోల్‌మన్ అదే పేరుతో రాసిన పుస్తకం ఆ మాటను ప్రపంచమంతా తీసుకుపోయింది. 1994లో అమెరికాలో ఏర్పడిన కాసెల్ అనే సంస్థ ఈ నైపుణ్యాలను అయిదు భాగాలుగా విడదీసింది: తనను తాను గుర్తించడం, తనను తాను అదుపు చేసుకోవడం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, సంబంధాలు నిలుపుకోవడం, బాధ్యతగా నిర్ణయం తీసుకోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇటువంటి వాటినే పది జీవన నైపుణ్యాలుగా పేర్కొంది. మన దేశపు 2020 జాతీయ విద్యా విధానం సైతం తెలివితేటలతోపాటు సామాజిక, భావోద్వేగ సామర్థ్యాలు పెంచడం చదువు లక్ష్యమని చెప్పింది.

ఉద్యోగాల సంగతికి వస్తే, హార్వర్డ్ ఆర్థికవేత్త డేవిడ్ డెమింగ్ 2017లో ప్రచురించిన అధ్యయనం చూడండి. 1980 నుంచి 2012 వరకు అమెరికాలో మనుషులతో ఎక్కువగా మెలగవలసిన ఉద్యోగాల వాటా మొత్తం ఉద్యోగాలలో దాదాపు 12 శాతం పాయింట్లు పెరిగిందని ఆయన లెక్కగట్టాడు. మన హైదరాబాదులో దీనికి పుస్తకాలు తిరగేయనక్కరలేదు. ఆసుపత్రి రిసెప్షన్, బట్టల షోరూం, కాల్ సెంటర్, మందుల దుకాణం, డెలివరీ, మన పిల్లలకు ముందుగా దొరికే పనులన్నీ మనుషులతోనే ముడిపడి ఉన్నాయి.

పైన చెప్పిన అయిదు భాగాలనే అయిదు పాఠాలుగా, మన పరిస్థితులకు తగినట్టు చూద్దాము.

మొదటి పాఠం: లోపల ఉన్నదానికి సరైన పేరు పెట్టండి

మన ఇళ్ళలో మనసులో ఏది కలిగినా దానికి ఒకటే పేరు: గుస్సా. ఆకలి వేసినా గుస్సా, భయం వేసినా గుస్సా, సిగ్గు కలిగినా గుస్సా. ఆ అబ్బాయిని మేము అడిగినప్పుడు కూడా మొదట "గుస్సా వచ్చింది" అనే అన్నాడు. నెమ్మదిగా మాట్లాడిస్తే తేలిందేమిటంటే, అతనికి కలిగింది ముందు భయం. తప్పు రిపోర్టు చూసి ఆ రోగి ఏం చేసుకుంటాడోనన్న భయం. దాని మీద సిగ్గు, జనం ముందు అవమానం. కోపం చివరిగా వచ్చింది.

పేరు పెట్టడం వల్ల ప్రయోజనం ఏమిటి? 2007లో మాథ్యూ లీబర్మన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు మెదడు స్కానింగుతో ఒక ప్రయోగం చేశారు. కలత కలిగించే ముఖాలను చూస్తున్నవారు ఆ భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు, భయానికీ ఉద్రేకానికీ సంబంధించిన మెదడు భాగంలో చురుకుదనం తగ్గినట్టు కనుగొన్నారు. పేరు దొరికితే దారి కూడా దొరుకుతుంది. భయమైతే సహాయం అడగాలి. అలసట అయితే విశ్రాంతి తీసుకోవాలి. అవమానమైతే మర్యాదగా మాట్లాడి తేల్చుకోవాలి. ఆకలి అయితే తినాలి. అన్నింటికీ గుస్సా అనే పేరు పెడితే అన్నింటికీ ఒకే దారి, తలుపు ధడాలున వేసి వెళ్ళిపోవడం.

అభ్యాసం: రాత్రి పడుకునే ముందు ఆ రోజు పనిలో మనసు కదిలిన ఒక సందర్భాన్ని ఫోనులో ఒక్క వాక్యంగా రాసుకోండి. 'కోపం' అనే మాట వాడకుండా రాయాలి. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే.

రెండవ పాఠం: కోపానికి ముందే ఏర్పాటు చేసుకోండి

కుస్తీలో ఎదుటివాడిని పడగొట్టినవాడికంటే కోపంలో తనను తాను పట్టుకోగలిగినవాడే బలవంతుడన్న మహాప్రవక్త (స) బోధ మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి తెలుసు. నిలబడి ఉన్నప్పుడు కోపం వస్తే కూర్చోమన్న ఉపదేశం కూడా తెలుసు. తెలిసినది ఆ క్షణంలో గుర్తుకు రాకపోవడమే చిక్కు. కోపం వచ్చినప్పుడు ఆలోచించి నిర్ణయించుకునే ఓపిక ఎవరికీ ఉండదు. అందుకే నిర్ణయం ముందే చేసి పెట్టుకోవాలి.

పీటర్ గోల్విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త దీని మీద చాలా పరిశోధన చేశాడు. 'నేను శాంతంగా ఉంటాను' అని అనుకోవడం కంటే 'ఇలా జరిగితే, ఇలా చేస్తాను' అని నిర్దిష్టంగా అనుకున్నవారు అనుకున్నది చేయగలిగే అవకాశం ఎక్కువని ఆ పరిశోధనలు చూపాయి. ఉదాహరణకు:

పదిమంది ముందు తిడితే, చేతిలో ఉన్న వస్తువు కింద పెట్టి, ఒక్కసారి గాలి పీల్చి వదిలి, "సరే సార్, చూస్తాను" అని మాత్రమే అంటాను.

కస్టమర్ గొంతు పెంచితే, నా గొంతు తగ్గిస్తాను, వారి సమస్యను నా మాటల్లో ఒకసారి తిరిగి చెబుతాను.

రాత్రి పదకొండు గంటలకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నా గురించి ఏదైనా రాస్తే, ఆ రాత్రి జవాబు ఇవ్వను. పొద్దున స్వయంగా కలిసి మాట్లాడతాను.

ఉద్యోగం మానేయాలనిపిస్తే, ఒక రాత్రి గడవనిస్తాను, ఇంట్లో ఒకరితో మాట్లాడతాను.

ఇవి నలుగురి మధ్య పైకి చెప్పి సాధన చేయాలి. కాగితం మీద చదివితే చాలదు. మా ఆదివారం తరగతిలో ఒకరు సూపర్‌వైజర్‌గా, ఒకరు ఉద్యోగిగా నిలబడతారు. మొదట అందరూ నవ్వుతారు. మూడవసారికి నవ్వు ఆగిపోయి, నిజంగానే ముఖం ఎర్రబడుతుంది. సాధన మొదలయ్యేది అప్పుడే.

మూడవ పాఠం: ఎదుటివారి భాష, ఎదుటివారి మర్యాద

లక్డీకాపూల్, మాసాబ్ ట్యాంక్, రెడ్ హిల్స్ ప్రాంతాల మన పిల్లల్లో చాలామందికి ఇంటి భాష దక్కనీ ఉర్దూ. తెలుగు వీధిలో, స్నేహితుల దగ్గర నేర్చుకున్నది. స్నేహితుల దగ్గర నేర్చిన తెలుగులో 'నువ్వు' ఉంటుంది, 'మీరు' తక్కువగా ఉంటుంది. ఒక అమ్మాయి ఆసుపత్రి రిసెప్షన్‌లో ఒక పెద్దావిడతో ఎంతో ప్రేమగా, "అమ్మా, నువ్వు ఇక్కడ కూర్చో" అంది. ఆ పెద్దావిడ కొడుకు ఫిర్యాదు చేశాడు. అమ్మాయికి తాను చేసిన తప్పేమిటో తెలియలేదు. ఉర్దూలో అయితే ఆమె ఎన్నడూ పెద్దవారిని 'ఆప్' అనకుండా పలకరించి ఉండదు. తెలుగులో ఆ 'ఆప్' అనే మాటకు చోటు 'మీరు' దగ్గర, 'కూర్చోండి'లోని 'అండి' దగ్గర ఉందని ఎవరూ చెప్పలేదు, అంతే.

దీనికి మరో పక్క కూడా ఉంది. సీనియర్ ఒకరు "ఏరా, తిన్నావా?" అంటే అది చాలాసార్లు చనువు. అదే 'ఏరా' జనం ముందు కేకగా వస్తే అవమానం. మాట ఒకటే అయినా గొంతు, చోటు, ముఖం చూసి అర్థం చేసుకోవాలి. ఎదుటివారి స్థితిని అర్థం చేసుకోవడమంటే వారు చేసింది సరైనదని ఒప్పుకోవడం కాదు. ఆ రోజు ఆ సూపర్‌వైజర్‌కు పైనుంచి ఎంత ఒత్తిడి ఉందో తెలుసుకుంటే అతని కేకలు న్యాయమైపోవు. కానీ, 'అతనికి నేనంటేనే పగ' అన్న భ్రమ తొలగిపోతుంది.

కౌంటర్ వెనుక నిలబడేవారికి ఇంకొక మాట. 1983లో ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సమాజ శాస్త్రవేత్త విమాన పరిచారికల పనిని పరిశీలించి, నవ్వుతూ ఉండడం, ఓపిగ్గా పలకడం కూడా జీతానికి చేసే శ్రమేనని, దానికీ అలసట ఉంటుందని రాసింది. రోజంతా షోరూంలో నిలబడి నవ్వి వచ్చిన అమ్మాయి ఇంట్లో మౌనంగా కూర్చుంటే అది పొగరు కాదు, అలసట. అరగంట ఆమెను అలా వదిలేయండి.

అభ్యాసం: మీరు పనిచేసే చోట రోజూ వాడే పది వాక్యాలను మర్యాద రూపంలో తెలుగులో రాసుకుని, తెలుగు బాగా వచ్చిన సహోద్యోగితో సరిచూపించుకోండి. అలా అడగడమే ఒక స్నేహానికి మొదలు అవుతుంది.

నాల్గవ పాఠం: తప్పు చెప్పడం, సహాయం అడగడం

తప్పు చేయనివారు పనిలో ఉండరు. తప్పు ఎంతసేపట్లో చెప్పారన్నదే ముఖ్యం. రిపోర్టు మారిన సంగతి పది నిమిషాల్లో చెబితే ఫోను చేసి వెనక్కి తెప్పించవచ్చు. పది గంటలు దాస్తే ఒక రోగి తప్పు మందు వేసుకోవచ్చు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రులలో మందుల పొరపాట్లను పరిశీలించి 1996లో ఒక ఆశ్చర్యకరమైన సంగతి ప్రచురించింది. మంచి నాయకత్వం, కలివిడితనం ఉన్న బృందాలలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడివారు భయపడకుండా పొరపాట్లను పైకి చెప్పుకోగలగడమే దానికి కారణమని ఆమె గ్రహించింది. తప్పు చెప్పుకోగలిగిన చోటే తప్పు దిద్దుకోవడం జరుగుతుంది.

తప్పు చెప్పేటప్పుడు మూడు మాటలు చాలు. ఏం జరిగింది, దాన్ని సరిచేయడానికి ఇప్పటికే ఏం చేశాను, ఇప్పుడు ఏం సహాయం కావాలి. "సార్, ఫలానా కవరులో రిపోర్టు మారింది. పొరపాటు నాదే. వారికి ఫోను చేశాను, ఎత్తడం లేదు. ఇప్పుడు ఏం చేయమంటారు?" ఇందులో సాకు లేదు, ఏడుపు లేదు. దీని తరువాత, అందరి ముందూ కేకలు పడినట్టయితే, వేడి చల్లారాక వేరుగా కలిసి ఇంకొక మాట అనవచ్చు: "సార్, నా తప్పు ఉంటే లోపలికి పిలిచి ఎంతైనా చెప్పండి. కౌంటర్ దగ్గర అంటే ఆ తరువాత కస్టమర్లు నా మాట వినరు." ఇది గౌరవం అడగడం, గొడవ పడడం కాదు.

కావలసింది అడగడం కూడా ఇటువంటిదే. జుమా నమాజుకు వెళ్ళవలసినవారు శుక్రవారం మధ్యాహ్నం హఠాత్తుగా మాయమైపోతే పని ఆగిపోతుంది, చెడ్డపేరు వస్తుంది. చేరిన మొదటి వారంలోనే ఇలా అడగండి: "శుక్రవారం మధ్యాహ్నం నలభై నిమిషాలు కావాలి సార్. భోజన విరామం అందులోనే కలుపుకుంటాను. మిగిలిన సమయం సాయంత్రం ఉంటాను." ఆ సమయంలో మీ కౌంటర్ చూసుకునే సహోద్యోగికి బోనాలకో, బతుకమ్మకో, సంక్రాంతికో మీరు చూసుకోండి. రంజాన్‌లో ఇఫ్తార్ వేళ మీ పని ఎవరు అందుకున్నారో గుర్తుంచుకోండి. సంబంధాలు ఇచ్చిపుచ్చుకోవడం మీద నిలుస్తాయి.

అయిదవ పాఠం: ఓర్పు వేరు, మౌనం వేరు

ఇక్కడ మా రెండవ అనుభవం చెప్పాలి. ఒక షోరూంలో పనిచేసే అమ్మాయి జీతంలో ఎనిమిది నెలలపాటు ఏదో ఒక పేరుతో కోత పడింది. కోత దేనికో ఆమె అడగలేదు. మేము ఎందుకు అడగలేదంటే, "సబ్ర్ చేస్తున్నాను" అంది. ఆ మాట మా గుండెకు తగిలింది. మేము నేర్పిన మాటే అది. ఏది ఓర్చుకోవాలో, ఏది అడగాలో విడదీసి నేర్పలేదు.

పని నేర్చుకునేటప్పుడు పడే కష్టాన్ని ఓర్చుకోవాలి. కస్టమర్ల చిరాకును ఓర్చుకోవాలి. మొదటి నెలల విసుగును ఓర్చుకోవాలి. కష్టార్జితంలో కోత, ఒంటి మీద చేయి, మతాన్నో కులాన్నో ఎత్తి చేసే అవమానం, ఇవి ఓర్చుకోవలసినవి కావు. భావోద్వేగ నైపుణ్యం పేరుతో అన్యాయాన్ని మింగడం నేర్పితే అది విద్య కాదు. ఇటువంటి వాటిని తేదీ, సమయం, ఎవరి ఎదుట జరిగిందన్న వివరాలతో రాసిపెట్టుకుని, శాంతంగా, వ్రాతపూర్వకంగా అడగాలి. రాతలో కేకలు ఉండవు, రాతను కాదనడం కూడా కష్టం.

ప్రతి కొత్త ఉద్యోగి తెలుసుకోవలసిన నాలుగు సంగతులు ఇవి:

నియామక పత్రం, ప్రతి నెలా జీతం చీటీ అడిగి తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలకండి, చూపించి వెనక్కి తీసుకోండి.

సాధారణంగా 20 లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు ప్రావిడెంట్ ఫండ్, 10 లేదా అంతకు మించి ఉన్నవాటికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తాయి. జీతంలో పి.ఎఫ్. కోత ఉంటే మీకొక యు.ఎ.ఎన్. నంబరు ఉండాలి. ఆ నంబరుతో డబ్బు నిజంగా జమ అవుతోందో లేదో మీరే చూసుకోవచ్చు.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే చట్టం 2013లో వచ్చింది. 10 లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకంటే చిన్న సంస్థల్లో పనిచేసేవారు జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. చెల్లెళ్ళారా, అటువంటి సందర్భంలో మౌనం మీ బాధ్యత కాదు.

ఉద్యోగం మానవలసి వస్తే లేచి వెళ్ళిపోకండి. రాజీనామా రాసి ఇచ్చి, నోటీసు కాలం పూర్తి చేసి, అనుభవ పత్రం, రావలసిన జీతం తీసుకుని రండి. తలుపు మూసి రావచ్చు, విరగ్గొట్టి రాకూడదు.

మానాలా, ఉండాలా అన్నది తేల్చుకోవడానికి ఈ ప్రశ్నలు వేసుకోండి. ఇది ఒకరోజు బాధా, ప్రతిరోజూ ఉన్న బాధా? ఎవరితోనైనా నోరు తెరిచి చెప్పానా? ఇక్కడ నేర్చుకోవలసింది ఇంకా ఉందా? చేతిలో వేరే పని ఉందా, ఇల్లు ఎన్ని నెలలు ఆగగలదు? ఇక్కడ నా ఒంటికి, నా గౌరవానికి ప్రమాదం ఉందా? చివరి ప్రశ్నకు జవాబు 'ఉంది' అయితే మిగతా లెక్కలు వేయనక్కరలేదు. వెంటనే ఇంటికి రండి, మా దగ్గరికి రండి.

తల్లిదండ్రులకు ఒక మాట

ఆ అబ్బాయి పదకొండు రోజులు పార్కులో కూర్చున్నాడు తప్ప ఇంట్లో చెప్పలేకపోయాడు. ఎందుకని అడిగితే, "అబ్బా తెచ్చిన అప్పు ఉంది, ఆపా పెళ్ళి ఉంది. ఏమని చెప్పను?" అన్నాడు. కొడుకు మొదటి జీతం మీద ఇల్లంతా ఎన్ని ఆశలు పెట్టుకుంటుందో మాకు తెలుసు. ఆ ఆశలు తప్పు కావు. కానీ, సాయంత్రం పిల్లవాడు ఇంట్లో అడుగు పెట్టగానే జీతం గురించో, ప్రమోషన్ గురించో అడిగే ముందు, "ఈ రోజు ఎలా గడిచింది బేటా?" అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. వారం రోజులు అడగండి, ఎనిమిదవ రోజు చెబుతాడు.

మరొక సంగతి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ఎవరితోనూ కలవకపోవడం, బతకాలని లేదన్న మాట రావడం, ఇవి ఓపిక లేని లక్షణాలు కావు, వైద్య సహాయం కావలసిన లక్షణాలు. మన నగరంలో 'ఎర్రగడ్డకు పంపాలి' అనే మాటను తిట్టుగా వాడడం అలవాటైపోయింది. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. కాలు విరిగితే పంజాగుట్ట నిమ్స్‌కు వెళ్ళడానికి సిగ్గుపడనివారు మనసు విరిగితే అక్కడికి వెళ్ళడానికి ఎందుకు సిగ్గుపడాలి? గడప దాటడం కష్టమైతే 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు. ఈ నంబరును ఇంటి గోడ మీద రాసిపెట్టండి.

యజమానులకు ఒక మాట

మన సమాజంలోనూ దుకాణాలు, హోటళ్ళు, చిన్న కంపెనీలు నడిపేవారు ఉన్నారు. ఈ సంచికకు ప్రకటనలిచ్చి ఆదుకుంటున్నవారూ ఉన్నారు. వారికి వినయంగా ఒక మనవి. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవక్త (స) ఆదేశాన్ని మనం సభల్లో చెప్పుకుంటాము. జీతం తేదీ దగ్గర కూడా దాన్ని గుర్తుంచుకుందాము. కొత్తగా చేరిన కుర్రవాడిని లోపలికి పిలిచి దిద్దండి. మొదటి నెల ఒక సీనియర్‌ను తోడుగా ఇవ్వండి. తప్పు ఒప్పుకున్న రోజున, తప్పు గురించి మాట్లాడే ముందు, "చెప్పి మంచి పని చేశావు" అనండి. కుర్రవాళ్ళు తరచుగా మానేస్తున్నారని బాధపడే యజమాని ఈ మూడూ చేసి చూడాలి. కొత్తవారికి మళ్ళీ మళ్ళీ పని నేర్పే భారం ఆయనకే తగ్గుతుంది.

వారం రోజుల అభ్యాసం

శనివారం: పనిలో కలిగిన ఒక భావానికి సరైన పేరు రాయండి.
ఆదివారం: 'ఇలా జరిగితే, ఇలా చేస్తాను' అని రెండు వాక్యాలు రాసి, ఇంట్లో ఒకరి ముందు పైకి చెప్పండి.
సోమవారం: సహోద్యోగి ఒకరి ఊరు, ఇల్లు, ఇష్టాల గురించి అడిగి, మధ్యలో అడ్డు రాకుండా వినండి.
మంగళవారం: తెలియని ఒక విషయాన్ని తెలియదని చెప్పి నేర్చుకోండి.
బుధవారం: చిన్నదైనా సరే, ఒక తప్పును ఎవరూ అడగకముందే చెప్పండి.
గురువారం: జీతం చీటీని వరుసవారీగా చదవండి. అర్థం కానిదాన్ని అడగండి.
శుక్రవారం: ఈ వారం మీకు సహాయం చేసిన ఒకరికి పేరు పెట్టి కృతజ్ఞత చెప్పండి.

చివరిగా, ఆ అబ్బాయి సంగతి. మాలో ఇద్దరం అతన్ని వెంటబెట్టుకుని ఆ సెంటర్‌కు వెళ్ళాము. చెప్పకుండా వెళ్ళిపోయినందుకు అతనే క్షమాపణ అడిగాడు. రావలసిన జీతం ఇచ్చారు, ఉద్యోగంలోకి మాత్రం మళ్ళీ తీసుకోలేదు. అది వారి ఇష్టం. నాలుగు నెలల తరువాత వేరే చోట పని దొరికింది. మొన్నామధ్య మా దగ్గరికి వచ్చినప్పుడు, ఒక కస్టమర్‌కు చిల్లర ఎక్కువ ఇచ్చేసి, అయిదు నిమిషాల్లోనే వెళ్ళి క్యాషియర్‌కు చెప్పానన్నాడు. "చేతులు వణికినయి సార్, అయినా చెప్పిన" అన్నాడు. ఆ డబ్బు అతని జీతంలోనే పట్టుకున్నారట. అయినా ఆ సాయంత్రం నేరుగా ఇంటికి వెళ్ళి అమ్మీకి ఆ సంగతి చెప్పాడట.

ఇప్పుడు మా రిజిస్టరులో 'ఉద్యోగం వచ్చింది' అన్న గడి పక్కన మరొక గడి గీశాము. దాని శీర్షిక 'ఆరు నెలల తరువాత'. ఆ గడి నింపడానికి ప్రతి పిల్లవాడికీ, ప్రతి అమ్మాయికీ మేమే ఫోను చేసి అడుగుతున్నాము. ఈ పాఠం చదివినవారు మీ బంధువుల్లో, బస్తీలో కొత్తగా పనిలో చేరిన ఒక్కరికైనా ఈ వారమే ఫోను చేసి, ఎలా ఉన్నారో అడగండి.

మన పిల్లల పనిలో బర్కత్‌ను, మనసులో ధైర్యాన్ని, మాటలో మెత్తదనాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.